నల్లబండ దాటాక పన్నెండు నిమిషాలు

నల్లబండ దాటగానే ఇంజను ఆపెయ్యడం సరంగుకి పందొమ్మిదేళ్ళ అలవాటు.

లాంచీ నడిపేవాణ్ణి ఆ ఏటి మీద సరంగు అంటారు. ఇంటి రేవు నుంచి ఎగువన ఉన్న అవతలి రేవుకీ, అక్కణ్ణుంచి మళ్ళీ ఇంటి రేవుకీ రోజుకి ఐదు ట్రిప్పులు. వెళ్ళేటప్పుడు ఏటికి ఎదురు వెళ్ళాలి కాబట్టి ఇంజను గొంతు చించుకోక తప్పదు. తిరిగొచ్చేటప్పుడు మాత్రం, ఏటి మధ్యలో వీపు చూపిస్తూ ఉండే నల్లబండ దాటాక, నీళ్ళు వాటంతట అవే ఇంటి రేవు వైపు మళ్ళుతాయి. అక్కడ సరంగు ఎడమచేత్తో ఇంజను ఆపే పిడి లాగేవాడు. ఆ తర్వాత పన్నెండు నిమిషాల పాటు లాంచీ చప్పుడు లేకుండా జారుకుంటూ వచ్చేది. చివర్లో, లాంచీలోనే పనిచేసే బావమరిది గెడతో ఒక్క పోటు పొడిస్తే చాలు, రేవు గోడకి కట్టిన పాత టైర్లకి ఒద్దికగా ఆనుకునేది.

ఈ విద్య అతనికి లాంచీల ఆఫీసులో ఎవరూ నేర్పలేదు. అమ్మ దగ్గర, పొయ్యి పక్కన కూర్చుని నేర్చుకున్నాడు. ఆవిడ అన్నం మూడొంతులు ఉడకగానే మంట ఆర్పేసి, మూత మీద బరువు పెట్టి, గిన్నెకి పాత దుప్పటి చుట్టేది. "మిగతాది అదే ఉడుకుతుందిరా. దానికి చేతనైన పని కూడా మనమే చెయ్యాలా?" అనేది. కొడుకు ఆ మాట పట్టుకెళ్ళి ఏటి మీద పెట్టాడు.

తోటి సరంగులు అతనికి 'పిసినారి సరంగు' అని పేరు పెట్టారు. ఆఫీసువాళ్ళు మాత్రం మూడుసార్లు పిలిచి, ఇంధనం పొదుపు చేసినందుకు ప్రశంసాపత్రాలు ఇచ్చారు. మూడింటికీ అద్దం కట్టించి ముందు గదిలో తగిలించుకున్నాడు. వచ్చినవాళ్ళు వాటికేసి చూడకపోతే, కుర్చీ అటు తిప్పి మరీ కూర్చోబెట్టేవాడు. ఆ మాత్రం గర్వం మనిషికి ఉండకూడదా ఏం?

పొదుపు సంగతి అలా ఉంచితే, ఆ పన్నెండు నిమిషాల్లో ఇంకొకటి ఉంది. అది ఏ పత్రంలోనూ రాయలేదు. ఇంజను నడుస్తున్నంతసేపూ లాంచీలో ఎవరి మాట వాళ్ళకే వినిపించదు. సాయంత్రం ఆరున్నర ట్రిప్పులో అవతలి రేవు కుట్టు షెడ్డు నుంచి ముప్ఫై మంది ఆడవాళ్ళు ఇంటికొస్తారు. పొద్దుటినుంచీ మిషన్ల రొద, ఆ పైన ఇంజను రొద. బండ దాటి చప్పుడు ఆగిపోగానే అందరూ ఒక్కసారి ఊపిరి వదిలేవారు. అప్పుడు మొదలయ్యేవి మాటలు. పిల్లల జ్వరాలు, అత్తల ఆరళ్ళు, సూపర్‌వైజరు నడకని అనుకరించి నవ్వుకోవడాలు, అన్నీ ఆ పన్నెండు నిమిషాల్లోనే.

ఆ ముప్ఫై మందిలో సరంగు భార్య ఒకతె. ఆమె లోపల బల్లల మీద కూర్చోదు. చుక్కాని చక్రం పక్కన, కిటికీ గట్టు మీద టిఫిన్ డబ్బా పెట్టుకుని నిలబడుతుంది. ఇల్లు రెండు గదులు. అందులో అత్తగారు, సరంగు తమ్ముడు, తమ్ముడి భార్య, వాళ్ళ ఇద్దరు పిల్లలు. మొగుడితో ఒక్క మాట అంటే ఐదుగురు వింటారు, అందులో ఇద్దరు సలహా కూడా ఇస్తారు. అందుకని చెప్పుకోవలసినవన్నీ ఏటి మీదికి దాచుకునేది. పిల్లలు కలగలేదన్న బాధ చెప్పుకుని ఏడ్చిందీ అక్కడే, ఇక దాని గురించి ఏడవకూడదని ఇద్దరూ అనుకున్నదీ అక్కడే.

అటువంటి రోజుల్లో డీజిలుకి కరువొచ్చింది.

ఎక్కడో సముద్రం మీద ఓడలు ఆగిపోయాయన్నారు. ఎందుకు ఆగాయో టీవీలో రోజుకో పెద్దమనిషి రోజుకో కారణం చెప్పాడు. ధర వారంలో రెండుసార్లు పెరిగింది, తర్వాత ఆ ధరకి కూడా దొరకడం మానేసింది. బంకుల ముందు బళ్ళకి బదులు డబ్బాలు వరసలు కట్టాయి. ప్రభుత్వం ఊరుకుంటుందా? ఆఫీసుల్లో లిఫ్టులు ఆపింది, వీధి దీపాలు ఒకటి విడిచి ఒకటి వెలిగించింది, జనం ఎలా బతకాలో ఒక కరపత్రం వేసి ఇంటింటికీ పంచింది. అందులో 'గిన్నెకి మూత పెట్టి వండండి' అని కూడా ఉంది. సరంగు అమ్మ దాన్ని మనవడి చేత రెండుసార్లు చదివించుకుంది.

"ఇన్నాళ్ళకి తెలిసిందా వీళ్ళకి?" అని బుగ్గలు నొక్కుకుంది.

ఆ మర్నాడే లాంచీలన్నిటికీ ఒక ఉత్తర్వు వచ్చింది. పోయిన ఏడాది ఎవరు ఎంత డీజిలు వాడారో చూసి, అందులో ఐదో వంతు కోసేస్తారు. అందరికీ ఒకే న్యాయం. వినడానికి ఎంత బాగుంది! పై రేవు సరంగు, ఒడ్డున టీ తాగుతున్నంతసేపూ ఇంజను ఆపని మహానుభావుడు, ఇప్పుడు టీ తాగేటప్పుడు ఆపేశాడు. దాంతో అతని కోత సరిపోయింది, ట్రిప్పులన్నీ నిక్షేపంలా నడిచాయి. మన సరంగు దగ్గర కొయ్యడానికి ఏముంది? ఎముకల మీద మాంసమే లేనప్పుడు కత్తి ఎముక మీదే పడుతుంది.

లాంచీల సూపరింటెండెంటు అతన్ని పిలిచి, కాగితం ముందుకి తోశాడు.

"నీకొచ్చేదాంతో నాలుగు ట్రిప్పులే అవుతాయయ్యా. ఆరున్నర ట్రిప్పు తీసేస్తున్నాం."

సరంగు కాగితం ముట్టుకోలేదు. "అదేంటి సార్! షెడ్డు వదిలేదే ఆరింటికి. వాళ్ళు ఇంటికెలా వస్తారు?"

"వంతెన మీదుగా రమ్మను."

"వంతెన ఇరవై అయిదు కిలోమీటర్ల చుట్టు సార్. బస్సులు కూడా తగ్గించేశారుగా."

సూపరింటెండెంటు చెడ్డవాడేం కాదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఏం చెయ్యమంటావ్? పోయినేడాది నువ్వే అంత తక్కువ వాడితివి. ఎవడు వాడమన్నాడు తక్కువ?"

ఆ మాట సరంగుకి చెంపమీద కొట్టినట్టయింది. మూడు ప్రశంసాపత్రాల మీదా సంతకం పెట్టింది ఈయనే.

ఇంటికొచ్చేసరికి అక్కడా అదే భాగోతం. వంటగ్యాసుకీ పోయిన ఏడాది లెక్కే పెట్టారట. పక్కింటావిడ రోజూ బకెట్లకి బకెట్లు నీళ్ళు కాచి పారబోసేది కాబట్టి ఆవిడకి ఏడు సిలిండర్లు, వీళ్ళకి నాలుగు. సరంగు అమ్మ ఒంటికాలిమీద లేచింది.

"ఒద్దికగా ఉన్నవాళ్ళకా శిక్ష? నేను వెళ్ళి అడుగుతా ఆ ఆఫీసులో! దుప్పటి కూడా పట్టుకెళ్ళి చూపిస్తా!"

"అమ్మా, ఊరుకో. నీ దుప్పటికి అక్కడ కౌంటరు లేదు."

భార్య తన మాట ఏటి మీదికి దాచుకుంది. ఆ వారం ట్రిప్పు ఇంకా నడుస్తోంది. మర్నాడు సాయంత్రం బండ దాటాక, చప్పుడు ఆగాక, నెమ్మదిగా చెప్పింది. "షెడ్డులో అందరికీ చెప్పేశారండీ. రాత్రికి వెళ్ళలేనివాళ్ళకి అక్కడే పడుకోడానికి గది ఇస్తారట. వారానికోసారి ఇంటికి పంపుతారట. ఇష్టం లేనివాళ్ళు మానెయ్యొచ్చట."

"నువ్వేమంటావ్?"

"మానేస్తే ఇల్లు గడవదు. ఉంటే..." అని ఆగి, చక్రం మీది అతని చేతికేసి చూసింది. "పెళ్ళయ్యాక వేరేచోట పడుకోలేదు నేను. నిద్ర పట్టదేమో."

సరంగు ఆ రాత్రి అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

సూపరింటెండెంటే ఒక దారి చెప్పాడు. పైకి అర్జీ పెట్టుకుంటే ఇంధన శాఖ నుంచి ఒక అధికారిణి వస్తుంది. ఆరున్నర ట్రిప్పులో తనే కూర్చుని, ముందూ వెనకా ట్యాంకులో కొలతకర్ర ముంచి, ఎంత ఖర్చయిందో చూస్తుంది. ఆ లెక్కన కోటా కొత్తగా రాస్తుంది. చెప్పవలసింది చెప్పి, గొంతు తగ్గించాడు. "ఆ ఒక్క పూటా ఇంజను ఆపకు నాయనా. నీకు దణ్ణం పెడతాను."

ఆ ఒక్క పూటా ఇంజను ఆపకూడదు. ఎంత సులువైన పని! ఏమీ చెయ్యకుండా ఉండడమేగా. కానీ రేవులో ఎవరికీ నమ్మకం కుదరలేదు. కుట్టు షెడ్డు ఆడవాళ్ళు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు వచ్చి చెప్పివెళ్ళారు, "అన్నా, మర్చిపోయేవు, ఆపేసేవు" అని. బావమరిది అయితే మరీ. అతనే లాంచీకి ఇంజను మనిషి, వేళ్ళ సందుల్లో ఎప్పుడూ నల్లగా గ్రీజు.

"నువ్వు ఆపుతావు బావా. నాకు తెలుసు. నీకు తెలియకుండానే నీ చెయ్యి ఆపేస్తుంది."

"ఆపనురా."

"మా అక్క ఉద్యోగం బావా. ఉత్తి మాటలతో లాభం లేదు."

అధికారిణి వచ్చే రోజున బావమరిది కుట్టు షెడ్డు గుడ్డముక్క ఒకటి తెచ్చి, ఇంజను ఆపే పిడిని పక్కనున్న ఇనుప కొక్కేనికి మూడు ముళ్ళు వేసి కట్టేశాడు. ముడి మీద గ్రీజు చేత్తో గట్టిగా నొక్కాడు కూడా.

"ఇప్పుడు లాగు చూద్దాం," అన్నాడు. సరంగు లాగాడు. రాలేదు. ఇద్దరూ నవ్వుకున్నారు.

అధికారిణికి ముప్ఫై ఏళ్ళుంటాయేమో. గొడుగు, ఫారాల అట్ట, లోపల పెన్సిలు పెట్టిన జడ. రాగానే కొలతకర్ర తనే ముంచి, తనే తీసి, తడి ఎక్కడిదాకా ఉందో గోరుతో గుర్తు పెట్టుకుని రాసుకుంది. అవతలి రేవుకి ఎదురు వెళ్తున్నంతసేపూ ఫారాల అట్ట ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అక్కడ ముప్ఫై మందీ ఎక్కారు. రోజూలా నవ్వులు లేవు. పరీక్ష రాయడానికి వచ్చినవాళ్ళలా బల్లల మీద బుద్ధిగా కూర్చున్నారు. సరంగు భార్య తన చోట, కిటికీ పక్కన నిలబడింది.

నల్లబండ వచ్చింది. సరంగు ఎడమచెయ్యి దానంతట అదే లేచి పిడి మీద పడింది. గుడ్డముడి తగిలింది. భార్య చూసి, కళ్ళతోనే నవ్వింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. హమ్మయ్య, గండం గడిచింది అనుకున్నాడు.

గండం అప్పుడే మొదలైంది. పందొమ్మిదేళ్ళుగా బండ దాటాక అతను చేసే పనులు నాలుగు. చక్రం తుడుచుకుంటాడు. సీసా మూత తీసి నీళ్ళు తాగుతాడు. భార్య చెప్పేది వింటాడు. ఐసు ఫ్యాక్టరీ పొగగొట్టం నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళేటప్పుడు చక్రం కుడికి తిప్పుతాడు. ఆ నాలుగూ అయ్యేసరికి రేవు వస్తుంది. గడియారం కూడా చూడక్కర్లేదు. ఇంజనుతో ఆ నీళ్ళ మీద దిగువకి అతను ఎప్పుడూ రాలేదు. ఆ సంగతి రేవులో ఒక్కళ్ళకీ తట్టలేదు, అతనికీ తట్టలేదు.

చక్రం తుడుచుకున్నాడు. సీసా ఎత్తాడు. భార్య ఏదో అంది, ఇంజను రొదలో వినిపించక ఆమె వైపు వంగాడు. తల ఎత్తేసరికి పొగగొట్టం ఎప్పుడో దాటిపోయింది. ఎదురుగా రేవు, మీదికి దూకుతున్నట్టు.

చెయ్యి మళ్ళీ పిడి మీదికే పోయింది. అలవాటు అంతే మరి. మూడు ముళ్ళు. పిడి వదిలేసి గేరు వెనక్కి లాగాలని తట్టేసరికి రెండు క్షణాలు దాటాయి. ముందు నిలబడ్డ బావమరిది గెడ పారేసి "పట్టుకోండే!" అని అరిచాడు. లాంచీ టైర్లని నలిపేసి, రేవు చెక్కని ఫెళ్ళున విరిచి, ఒక్కసారి వెనక్కి గెంతి ఆగింది.

ముప్ఫై మందీ ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. దేవుడి దయవల్ల ఎవరికీ ప్రాణం మీదికి రాలేదు. భార్య మోచెయ్యి కిటికీకి కొట్టుకుని చెక్కుకుపోయింది. ఆమె టిఫిన్ డబ్బా ఏట్లో పడి, మూత ఒకవైపూ గిన్నె ఒకవైపూ కొట్టుకుపోయాయి. అధికారిణి నేలమీద కూర్చుని, ఫారాల అట్టని మాత్రం గుండెలకి హత్తుకునే ఉంది.

అందరూ దిగాక ఆవిడ సరంగు దగ్గరికి వచ్చింది. పిడికి కట్టిన గుడ్డ కేసి చూసింది.

"ఇదేంటి సరంగుగారూ?"

బావమరిది నోరు తెరిచాడు, ఏ అబద్ధం తయారుగా పెట్టుకున్నాడో ఏమో. సరంగు చెయ్యెత్తి ఆపాడు. భార్య మోచేతి మీది రక్తం చూసి అతనికి ఇక దాచే ఓపిక లేకపోయింది.

"నేను ఈ రేవుకి ఇంజనుతో ఎప్పుడూ రాలేదమ్మా. మా అమ్మ మంట ఆర్పి గిన్నెకి దుప్పటి చుట్టినట్టు, బండ దగ్గర ఆపేస్తాను. ఇవాళ మీకు ఎక్కువ చూపించాలని ఆపకుండా వచ్చాను. రావడం చేతకాలేదు."

చెప్పేశాడు. వెనక ఆడవాళ్ళలో ఎవరో "అయిపోయింది" అన్నారు. భార్య మాత్రం తల వంచుకోలేదు. అతని పక్కకి వచ్చి నిలబడింది.

అధికారిణి ట్యాంకు దగ్గరికి వెళ్ళి కర్ర ముంచి తీసింది. గోరుతో గుర్తు పెట్టుకుంది.

"నా ఫారంలో ఒకటే గడి ఉంది సరంగుగారూ. కర్ర ఎంత చూపించిందో రాయాలి. ఆపితే ఎంత అయ్యేదో, ఎందుకు ఆపుతారో రాయడానికి చోటు లేదు." పెన్సిలు జడలోంచి తీసి రాసింది. "మీ ట్రిప్పు మీకు ఉంటుంది."

ఆడవాళ్ళు ఒక్కసారిగా గోల చేశారు. ఆవిడ చెయ్యెత్తి ఆపింది.

"పూర్తిగా వినండి. ఇక నుంచి ఇంత డీజిలూ వాడాలి. నెలాఖరుకి మిగిలితే, అంత అక్కర్లేదని వచ్చే నెల కోసేస్తారు. మళ్ళీ నాలుగు ట్రిప్పులే."

"మిగిలింది ఇంకెవరికైనా పనికొస్తుంది కదమ్మా," అన్నాడు సరంగు.

"పనికొస్తుంది. మీ సంగతి నేను పైకి రాస్తాను, నిజంగానే రాస్తాను. జవాబు ఎప్పుడొస్తుందో చెప్పలేను." మెట్లెక్కబోతూ వెనక్కి తిరిగింది. "మా అమ్మ కూడా గిన్నెకి దుప్పటి చుట్టేదండీ. మా ఇంటికీ ఈసారి నాలుగు సిలిండర్లే."

ఆ మర్నాటినుంచి లాంచీ బండ దాటాక కూడా ఇంజనుతోనే వచ్చింది. సరంగు ఆ నీళ్ళని కొత్తగా నేర్చుకున్నాడు. నీళ్ళ సీసా ముట్టుకోవడం మానేశాడు. ఐదు నిమిషాల్లో రేవు వచ్చేసేది. ఆడవాళ్ళు రెండ్రోజులు అరిచి మాట్లాడుకోవడానికి చూశారు, తర్వాత మానేసి బల్లల మీద కునికేవారు. భార్య పక్కనే నిలబడేది. అప్పుడప్పుడూ ఏదో అనేది.

"ఏంటి?" అని అరిచేవాడు.

ఆమె చెయ్యి ఊపేసేది, ఏం లేదన్నట్టు. ఇంటికెళ్ళి "ఏమన్నావ్ ఇందాక?" అని అడిగితే, అత్తగారూ మరిదీ తోడికోడలూ తలలెత్తి చూసేవారు. "గుర్తులేదండీ" అనేది. అలా పదిహేను రోజులు గడిచాయి. భార్య రోజూ ఇంటికొస్తోంది, ఇంట్లోనే పడుకుంటోంది. అయినా ఆమె ఎక్కడో దూరంగా ఉన్నట్టు సరంగుకి బెంగ పట్టుకుంది. ఈ మాట ఎవరికి చెబితే అర్థమవుతుంది?

పదహారో రోజు సాయంత్రం బండ దాటగానే అతను పిడి లాగేశాడు.

చప్పుడు ఆగింది. లాంచీలో కునుకుతున్నవాళ్ళంతా ఉలిక్కిపడి లేచారు. బావమరిది ముందునుంచి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటి బావా! కోటా! నెలాఖరుకి మిగిలిపోతుంది!"

"మిగలదులేరా. గెడ పట్టుకో పో."

"డబ్బాల్లో పట్టి అమ్మేద్దామంటావా?"

"అమ్మితే జైలేరా. జైల్లో మీ అక్క ఉండదు. పో."

నీళ్ళు లాంచీని తీసుకెళ్తున్నాయి. అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు, ఉన్న మాటలన్నీ మర్చిపోయినట్టు. తర్వాత వెనక బల్ల మీద ఒకామె సూపర్‌వైజరు గొంతుతో ఏదో అంది. అందరూ విరగబడి నవ్వారు. సరంగు సీసా మూత తీసి నీళ్ళు తాగాడు.

"ఇప్పుడు చెప్పు," అన్నాడు భార్యతో. "పదిహేను రోజులవి."

ఆమె చెప్పింది. పెద్ద విషయాలేం కావు. మోచేతి పుండు మానిందని, కొత్త డబ్బా కొనుక్కోవాలని, ఆ రోజు అందరి ముందూ అతను నిజం చెప్పినప్పుడు తనకి భయం వెయ్యలేదని. పొగగొట్టం నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళింది. సరంగు చక్రం కుడికి తిప్పాడు. బావమరిది గెడతో ఒక్క పోటు పొడిచాడు.

అందరూ దిగిపోయాక, తాళ్ళు కట్టేశాక, సరంగు మళ్ళీ ఇంజను వేశాడు. గేరు వెయ్యకుండా, కట్టిన లాంచీని కట్టినట్టే ఉంచి, ఊరికే నడవనిచ్చాడు. పొగ రేవు మెట్ల మీదుగా ఊళ్ళోకి వెళ్ళింది. బంకు దగ్గర డబ్బాలతో నిలబడి ఇళ్ళకి వెళ్తున్నవాళ్ళు ఇద్దరు మెట్ల మీద ఆగి, వింతగా చూశారు. మూడు ప్రశంసాపత్రాలవాడికి తల ఎత్తుకోవడం కష్టమైంది. కర్ర ముంచి చూశాడు. ప్రభుత్వం వారి లెక్క సరిపోవాలంటే ఇంకో ఇరవై నిమిషాలు తగలబెట్టాలి.

"నువ్వు ఇంటికెళ్ళు," అని సైగ చేశాడు భార్యకి.

ఆమె వెళ్ళలేదు. మెట్టు మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది. అతను వచ్చి కూర్చున్నాడు. ఇంజను రొదలో ఒక్క మాటా వినిపించదు కాబట్టి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు. ఇంటి దగ్గర దుప్పటి చుట్టిన గిన్నెలో అన్నం ఉడకడం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఇరవై నిమిషాలూ అయ్యాక సరంగు లేచి వెళ్ళి పిడి లాగాడు.